గేరు చక్రానికి అడంగల్

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో రథం ఉంది. ఆ రథాన్ని మంచం మీద కూర్చునే నడిపే సారథి ఉంది. రథం ఆగిపోవడం ఉంది, ఒక మరణం ఉంది, ఒక గ్రంథం ఉంది. ఆ గ్రంథాన్ని తప్పుచోట మొదలుపెట్టి చదివిన పండితుడు కూడా ఉన్నాడు.

కొంచెం తగ్గిస్తాను. రథం పొడవు మూరకు రెండు వేళ్లు తక్కువ. రిమోట్‌తో నడిచే ఆటబండి, అదీ సెకండ్‌హ్యాండ్‌ది. మోసేది నాలుగు కండెల పట్టుదారం. గ్రంథం అట్టముక్కల మీద బాల్‌పెన్నుతో రాసింది. పండితుణ్ణి నేనే, హిందూపురం బస్టాండు దగ్గర జిరాక్సు, నెట్ సెంటర్‌లో కూర్చుంటాను. కాబట్టి మహాకావ్యం కాదు. ధర్మవరం మామ ఒకాయన గురించి నాలుగు మాటలు, అంతే. పేరు రాయను. ఆయన నేసిన చీరల మీద ఎక్కడా ఆయన పేరుండదు. ఆ ఆచారం నేనెందుకు చెడగొట్టాలి?

మొదటిసారి మా సెంటర్‌కు వచ్చినప్పుడు ఆయన క్యూలో నిలబడ్డాడు. ఆ క్యూ పొలం కాగితాల కోసం. రొద్దం నుంచి, గుడిబండ నుంచి వచ్చిన రైతులు సర్వే నంబర్లు చెప్తారు, నేను అడంగల్ ప్రింట్ తీసి ఇస్తాను. ఈయన వంతు వచ్చింది. తువ్వాలు కొసన ముడి విప్పి, అరచేతిలో పట్టేంత నల్లటి ప్లాస్టిక్ గేరు చక్రాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"దీనిది తీయప్పా."

"దీనిది ఏంది?"

"కాగితం. అందరికీ తీసిస్తాండావు కదా. దీనికీ ఒకటి ఉంటాది."

వెనకున్న రైతు ఒకాయన, "ఏమబ్బా, చక్రానికి పట్టా చేయించుకుంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. అంతమంది నవ్వుతుంటే నేను ఊరకుండడం కష్టం. "సర్వే నంబర్ చెప్పు మామా, తీస్తా" అన్నాను.

ఆయన నవ్వలేదు. చక్రాన్ని తిప్పి వెనకవైపు చూశాడు. జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు, చీరలో దారాలు లెక్కపెట్టుకునేది. ఒక కన్ను మూసి, "రాసుకో" అని ఐదంకెలు చదివాడు. చక్రం వెనక నిజంగానే ఒక నంబరు పోసి ఉంది. నా జోకుకు సర్వే నంబర్ దొరకడం అదే మొదలు.

ఏ వస్తువైనా ముందు తిప్పి వెనక చూడడం ఆయన అలవాటు. టీ గ్లాసు ఇస్తే పైకెత్తి అడుగు చూసేవాడు. పెళ్లి పత్రిక ఇస్తే వెనక అట్ట చదివాకే పెళ్లికూతురి పేరు చదివేవాడు. నన్ను కూడా ఒకసారి తిరిగి నిలబడమంటాడేమోనని మొదటి రోజుల్లో అనుమానంగా ఉండేది.

ఆ నంబరుతో వెతికితే తేలింది ఏమిటంటే, అది ఎప్పుడో తయారీ ఆపేసిన జపాన్ ఆటబండి తాలూకు గేరు. బెంగళూరు వాళ్లు పారేసిన సామాన్లు హిందూపురం గుజిరీ అంగళ్లకు వస్తాయి. ఆ పాత సామాన్ల కుప్పలో ఈయనకు చక్రాల్లేని బండి ఒకటి దొరికింది. ఇంకో కుప్పలో ఇంకో కంపెనీ చక్రాలు, మూడో కుప్పలో రిమోటు. ఏదీ దేనికీ చుట్టం కాదు. వాటన్నిటికీ మనువు చేసే కాగితం కావాలి: ఎలా విప్పాలి, ఎక్కడ నూనె వేయాలి, ఏ స్క్రూ ఎంత బిగించాలి. అది కంపెనీ దగ్గరే లేదు. ఏదో దేశంలో ఇలాంటి బండ్ల పిచ్చివాళ్లు రాసుకునే ఒక పాత వెబ్‌సైట్‌లో, ఒకాయన అచ్చం ఇదే నంబరు రాసి, "దీని మాన్యువల్ ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న కింద ఖాళీ. ఎవరూ జవాబివ్వలేదు.

"ఏమని రాసినాడు?" అని అడిగాడు మామ. చెప్పాను.

"పాపం. ఎన్నేండ్లయింది?"

"పదిపైనే అయింటాది."

"ఆయప్పకు దొరికిందేమో అడుగు."

"మామా, ఆయప్ప ఈపాటికి బండి పారేసింటాడు."

"పారేసే మనిషయితే కాగితం ఎందుకు అడుగుతాడప్పా?"

సరేనని ఒక ఖాతా తెరిచి, మామ తరఫున రాశాను: మీకు దొరికిందా? మాకు కూడా కావాలి. అప్పట్నుంచి ఆయన ఎప్పుడొచ్చినా, ఫోన్ చేసినా, బాగుండావా అనే మాటకు బదులు ఒకటే అడిగేవాడు: "ఆయప్ప ఏమన్నా రాసినాడా?"

"ఇంకా రాయలేదు మామా."

"రాస్తాడులే. పనిలో ఉంటాడు."

బండి ఎందుకో మూడోసారి వచ్చినప్పుడు చెప్పాడు. అప్పటిదాకా మనవడి కోసమనుకున్నాను. మనవడు లేడు. అత్త ఉంది, అంటే ఆయన భార్య. ఇంట్లో హాలుకు ఒక కొసన ఆయన మగ్గం, ఇంకో కొసన ఆమె రాట్నం. మధ్యన పదిహేను అడుగులు. ఆమె కండెలకు దారం చుట్టి, తెచ్చి ఇచ్చి పోయేది, పెళ్లయినప్పట్నుంచీ. స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరిగాక నడక పోయింది. చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. మంచం మీదే రాట్నం పెట్టించుకుంది. కానీ కండెల కోసం ప్రతిసారీ ఈయన మగ్గం గుంటలోంచి లేచి వెళ్లాల్సి వచ్చేది.

"నేను లేసి పోయేది చూసి ఆమె చుట్టేదే మానేసింది" అన్నాడు. "'ముందు నేనొచ్చి ఇస్తాంటి. ఇప్పుడు నువ్వొచ్చి తీసుకుంటాండావు. ఇంగ నేనేమిటికి?' అని గోడ తట్టు తిరిగి పండుకునింది. నాలుగు దినాలు మాట్లాడలేదు."

"అందుకని బండి?"

"ఆమె పంపాల. నేను లేయకూడదు. అంతే కదా లెక్క."

ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన దేన్నీ తిప్పి చూడలేదు.

ఆ వారం నేను మామూలు కంటే కాస్త గట్టిగా వెతికాను. గొప్ప పని కాదు, కుర్చీలోంచి లేవలేదు. అదే కంపెనీ చేసిన ఇంకో బండిది, జపాన్ భాషలో ఉన్న ఒక మాన్యువల్ స్కాన్ దొరికింది. ఒక్క అక్షరం అర్థం కాదు కానీ, విడిభాగాలన్నీ గాల్లో తేలుతున్నట్టు గీసిన బొమ్మలున్నాయి. ప్రింట్ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్లకద్దుకుని, వెంటనే తిప్పి వెనక చూశాడు. వెనకేమీ లేదు. కొంచెం నిరాశపడ్డాడు.

తర్వాతి ఆదివారం ప్యాసింజర్ రైల్లో పెనుకొండలో దిగి మా ఇంటికే వచ్చాడు. చంకలో పట్టుచీర డబ్బా. దాన్ని చూసి మా అమ్మ కాఫీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసింది. డబ్బా తెరిచాక అందులోంచి నాలుగు చక్రాల బండి బయటికొచ్చింది. అమ్మ ఆ కాఫీ నాకిచ్చి, ఆయనకు వేరే తెచ్చింది.

వీధిలో పెట్టి రిమోట్‌లో ముందుకు నొక్కాడు. బండి వెనక్కి దూసుకెళ్లి, మా అమ్మ వేసిన ముగ్గును తుడిచేసి, కాలవలో పడింది. వెనక్కి నొక్కితే ముందుకొచ్చేది. మామ తువ్వాలుతో బురద తుడుస్తూ "అద్దం పెట్టుకోవాల్సింది" అన్నాడు.

విషయం ఏమిటంటే, మగ్గం మీద చీర వాళ్లకు తిరగేసి కనపడుతుంది. అసలు ముఖం కిందికి ఉంటుంది. పువ్వు సరిగా పడిందో లేదో చూడాలంటే కింద చిన్న అద్దం పట్టుకోవాలి. "నలభై ఏండ్లు ఈపుతట్టే చూసినా కదప్పా" అన్నాడు. "బొమ్మ కనపడితే అది ఈపుతట్టే అనుకున్నా. కుడిది ఎడమకు బిగించినా." ప్రపంచంలో ఎందరో ఆ గేరుపెట్టెను తప్పుగా బిగించి ఉంటారు. ఈ కారణంతో బిగించినవాడు మాత్రం ఈయన ఒక్కడే.

అప్పుడే మొదటిసారి ఆ అట్టలు చూశాను. జకార్డు మగ్గం మీద డిజైను నడపడానికి చిల్లులు కొట్టిన అట్టలుంటాయి. డిజైను పాతబడితే పారేస్తారు. ఈయన వాటి వెనక బండి సంగతులు రాసి, బొమ్మలు గీసేవాడు. చిల్లుల మధ్య సందుల్లో రాయాలి కాబట్టి ఒక్కో మాట చిల్లును దాటుకుని పోయేది. జేబులోంచి అట్ట తీసి, మా అరుగు మీదే కూర్చుని రాశాడు: "పై అట్టలో బొమ్మ తప్పు. అద్దంలో చూసినట్ల బిగించాల."

"పై అట్టే కొట్టేయొచ్చు కదా మామా?"

"కొట్టేస్తే ఆ తప్పు యాడికి పోతాది? ఇంకొకడు మల్లా అదే చేస్తాడు. వీడు ఈడ పడినాడని తెలియాల కదా."

తప్పులకు కొరత రాలేదు. చక్రాల పైనుండే స్ప్రింగు గొట్టాల్లో పోసే నూనె దొరక్క కొబ్బరినూనె పోశాడు. పుష్యమాసం చలికి అది గడ్డకట్టి, పొద్దున పూట బండి కప్పలా ఎగిరింది. అదొక అట్ట. కుట్టుమిషన్ నూనె మరీ పల్చన. అదొక అట్ట. చివరికి రెండూ కలిపాడు, అదీ ఒక అట్ట. కంపెనీ ఇవ్వని కాగితాన్ని ఆయనే రాసుకుంటున్నాడని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ప్రతి అట్టనూ నేను ఫోన్‌లో ఫొటో తీసి ఆ వెబ్‌సైట్‌లో పెట్టాల్సి వచ్చేది. "ఆయప్ప బండి కూడా ఆగిపోయింటాది కదా" అనేవాడు. ఆయప్పకు తెలుగు రాదంటే, "బొమ్మ చూసుకుంటాడు, మనం చూసుకోలేదా?" అనేవాడు.

బండి కుదిరాక ధర్మవరం రమ్మన్నాడు. వెళ్లాను. అత్త మంచం మీద దిండ్లకు ఆనుకుని, రెండు చేతుల్తో రిమోటు పట్టుకుని, బస్సు డ్రైవరులా మొహం పెట్టుకుని కూర్చుంది. బండి వెనక తొట్టిలో నాలుగు కండెలు. ఆ పదిహేను అడుగులూ బండి ఎంత నిదానంగా పోయిందంటే, మధ్యలో పిల్లి వచ్చి వాసన చూసి, ఆలోచించి, తప్పుకుంది.

"జరుగే, జరుగు! లోడు వస్తాండాది!" అని అత్త అరిచింది.

బండి మగ్గం దగ్గర ఆగింది. మామ కండెలు తీసుకుని, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాలా గట్టిగా, "సరుకు చేరింది!" అన్నాడు.

"సంతకం పెట్టు" అంది అత్త.

ఆయన ఖాళీ కండెలు తొట్టిలో వేసి, వాటి పక్కన ఒక వక్కపలుకు పెట్టి పంపాడు. రోజుకు పది ట్రిప్పులో పన్నెండో. ప్రతిసారీ ఇదే తంతు. ఇద్దరికీ విసుగొచ్చినట్టు కనపడలేదు.

నేను ఊరకుండలేక, "మామా, మోటారు పక్క చిన్న గేరు మార్చి పెద్దది వేస్తే ఇంకా జోరుగా పోతాది. నెట్లో చూసినా" అన్నాను.

ఆయన నన్ను పెరట్లోకి తీసుకెళ్లి మెల్లగా చెప్పాడు. "తెలుసప్పా. పెద్దది ఉండాది నాతాన. వేయలేదు. నిదానంగా పోతే ఆమె అంతసేపు నడుపుతాది."

తర్వాత రెండేళ్లు ఫోన్లు, అట్టలు, ఆయప్ప. మొన్న మాఘంలో ఒక పొద్దున సెంటర్‌లో రద్దీగా ఉన్నప్పుడు మామ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే, "ఇంకా రాయలేదు మామా" అన్నాను.

"అన్నా, నేను, కూతుర్ని" అంది అవతలి గొంతు. "నాయన పోయి పదమూడు దినాలయింది."

నా బతుకులో వేసిన జోకుల్లో అంత చెడ్డగా పేలింది ఇంకోటి లేదు.

కూతురు అత్తగారింటి నుంచి వచ్చి మగ్గం ఎక్కింది. సాహసయాత్రేమీ కాదు, అత్తగారిల్లు రెండు వీధుల అవతలే. మగ్గం మీద నాయన సగం నేసి వదిలిన చీర ఉంది. మిగతా సగం ఆమె నేయాలి, దానికి కండెలు కావాలి. బండి మాత్రం కదలడం లేదు. కూతురు లేచి వచ్చి తీసుకుంటానంటే అత్త ఒప్పుకోలేదు. మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం కూడా సరిగా తినడం లేదు. కర్మకు వచ్చిన చుట్టాలందరూ, ఆయన పోయిన రోజే బండి ఆగిపోయింది, దానికీ ప్రాణముంది, ఆయనతోనే పోయింది అని తీర్పు చెప్పి భోంచేసి వెళ్లారు.

నేను వెళ్లేసరికి బండి మగ్గం పక్కనే నిలబడి ఉంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు జలదరించింది. ఇలాంటివి నమ్మను గానీ, జలదరింపు నన్నడిగి రాదు.

"బ్యాటరీకి చార్జింగ్ పెట్టినా అన్నా. నాయన రోజూ పెట్టేది చూసినా. అయినా కదల్లేదు" అంది కూతురు. గోడకున్న మేకు నుంచి అట్టల దండ తీసి నా ముందు పెట్టింది. అరవైదాకా ఉంటాయి, దారంతో ఒకదానికొకటి గుచ్చి, చివరిది మొదటిదానికి కలిపేసి. మగ్గం మీద అట్టలు అలాగే ఉంటాయి, డిజైను అయిపోగానే మళ్లీ మొదలవ్వాలి కాబట్టి. నేను పుస్తకాలు చదివినవాణ్ణి. మేకుకు పైన ఏదుంటే అదే మొదలనుకున్నాను.

అది గేరుపెట్టె అట్ట. విప్పమంది, విప్పాను. మోటారు విప్పాను, చక్రాలు విప్పాను. ఒక్కో అట్ట పైకి చదవడం, చదివింది చేయడం. రాతలో కూడా ఆయన మాట్లాడినట్టే ఉంది. "ఈ స్క్రూ పీకులాడొద్దు, దీని మర తెగింది, దయతో నిలబడిండాది." "కొబ్బరినూనె వద్దు, పుష్యంలో కప్ప." మూడు నాలుగు అట్టలయ్యాక మంచం మీద కదలిక వినపడింది. అత్త ఇటు తిరిగింది.

"ఇంకోటి చదువు" అంది.

చదివాను. "తొట్టి ముందుపక్క పెట్టొద్దు. ఆమె వంగితే తుంటి నొస్తాది. ఎనకే ఉండాల. బండిని మంచానికి ఎనక్కి నడిపించుకుంటాది, ఆమెకు వచ్చు."

తర్వాతి అట్ట: "చిన్న గేరే ఉండనీ. పెద్దది డబ్బాలో ఉండాది, ఎవరు చెప్పినా వేయొద్దు." ఆ ఎవరు ఎవరో నాకు తెలుసు. గట్టిగానే చదివాను.

అత్త కొంగు కళ్లకు పెట్టుకోలేదు. "నాకు జోరుగా నడిపేది రాదనుకున్నాడేమో" అంది. మగ్గం వైపు చూసి, "ఆ పొద్దు కూడా పంపినా" అంది. "బండి పోయి మగ్గం కాడ నిలబడింది. సరుకు చేరిందని అనలేదు. దారం తెగిందేమో, అతుకుతాండాడేమో అనుకున్నా. ఇంకొంచెంసేపు చూద్దామని రిమోటు పట్టుకొనే ఉన్నా."

నాకు జోకేమీ తోచలేదు, అందుకని స్క్రూలు లెక్కపెట్టాను.

పూట గడిచింది. బండి చాప మీద ముక్కలై పరుచుకుని ఉంది. అన్నీ తుడిచి, నూనె వేసి, మళ్లీ బిగించాను. ప్రతి భాగమూ బాగానే ఉంది. అయినా కదల్లేదు. నేను ఓడిపోయినట్టు అట్టల దండను చుట్టబోతుంటే కూతురు అడ్డుకుంది.

"అన్నా, నువ్వు యాడనుంచి మొదలుపెట్టినావు?"

"పైనుంచి."

"పైనుంచి ఏందన్నా! పసుపుదారం కట్టిండే అట్ట కదా మొదటిది? నేసేవాళ్లను ఎవర్నడిగినా చెప్తారు."

దండ తిప్పింది. అడుగున, అన్నిటికంటే కింద, పసుపుదారం ముడి ఉన్న అట్ట. ఆమే చదివింది: "బండి కదలకపోతే ఏమీ విప్పొద్దు. ముందు రిమోటు చూడు."

రిమోటు అత్త దిండు కింద ఉంది. పదమూడు రోజులుగా అక్కడే ఉంది. దాని ఎర్రలైటు గుజిరీ అంగట్లో దొరికినప్పుడే పోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు గానీ, స్విచ్ ఆన్‌లోనే ఉంది. సెల్లులు అయిపోయి ఉత్త డొక్కులు.

వీధి చివర అంగట్లో కొత్త సెల్లులు తెచ్చి వేశాను. అత్త దిండ్లకు ఆనుకుని లేచి కూర్చుని ముందుకు నొక్కింది. బండి వెనక్కి పోయి గోడకు గుద్దుకుంది.

అట్టల వరుసలో గేరుపెట్టె బిగించే బొమ్మ రాగానే, ముందుకు చదవకుండా దాన్ని చూసి బిగించేశాను. దాని తర్వాతి అట్ట, "పై అట్టలో బొమ్మ తప్పు" అన్నది, ఇప్పుడు చదివాను. వీడు ఈడ పడినాడని ఆయన చెప్పనే చెప్పాడు. నేను అచ్చంగా ఆడే పడ్డాను.

అత్తకు నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఒళ్లంతా కదిలేలా. "మీ మామా అట్లే చేసినాడు చూడు! ఇద్దరూ ఒకటే గోత్రం!" కూతురు కూడా నవ్వింది. నేను మళ్లీ విప్పాను, ఈసారి ఆయన అద్దం కింద పెట్టుకుని.

సాయంత్రానికి లోడు బయల్దేరింది, నాలుగు కండెలతో. పదిహేను అడుగులు. పిల్లి వచ్చింది, వాసన చూసింది, తప్పుకుంది. బండి మగ్గం దగ్గర ఆగింది. అత్త రిమోటు పట్టుకుని ముందుకు వంగి చూస్తోంది. కూతురు గొంతు సవరించుకుంది.

"సరుకు చేరిందిమా" అంది.

"సంతకం పెట్టు" అంది అత్త.

నేను బయల్దేరే ముందు ఒక ఖాళీ అట్ట తీసుకుని, చిల్లుల మధ్య సందుల్లో రాసి, పసుపుదారం ముడి పక్కనే గుచ్చి వచ్చాను. ఆ అట్ట ఫొటో కూడా వెబ్‌సైట్‌లో పెట్టాను. ఆయప్ప ఇంకా రాయలేదు. అందులో ఉన్నది ఇంతే: రిమోట్‌కు ఎనిమిది పెన్సిల్ సెల్లులు పడతాయి. పని అయ్యాక స్విచ్ ఆపకపోతే ఒక్క రోజులో అయిపోతాయి.